అసలు యజమాని ఎవరు? ఐరోపా శ్రామిక చట్టాల వెలుగులో భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల కాంట్రాక్టు శ్రమ

వ్యాససంగ్రహం

పని చేయించుకునే సంస్థకూ పని చేసే మనిషికీ మధ్య కాంట్రాక్టరు, ఏజెన్సీ, లైసెన్సు, సెల్‌ఫోను యాప్ వంటి మధ్యవర్తులు చేరినప్పుడు చట్టరీత్యా యజమాని ఎవరో తేల్చడం నేటి శ్రామిక న్యాయానికి పెద్ద సవాలుగా మారింది. ఐరోపా దేశాలు గత కొన్నేళ్లుగా ఈ సమస్యతోనే తలపడుతున్నాయి. భూపాలపల్లి బొగ్గు గనులు, మహబూబాబాద్ జిల్లా వ్యవసాయ మార్కెట్లు, జనగామ పురపాలిక పారిశుధ్యం అనే మూడు పని స్థలాలను ఐరోపా అనుభవంతో పోల్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. నిర్వచనం ఎంత పకడ్బందీగా ఉన్నా, రుజువు భారం ఎవరిది, ఉల్లంఘనకు ఫలితం ఏమిటి అనే రెండు అంశాలు తేలనిదే కార్మికునికి రక్షణ చేకూరదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాంట్రాక్టు శ్రమ, ప్రధాన యజమాని, కీలక కార్యకలాపం, రుజువు భారం, శ్రామిక కోడ్‌లు, ఐరోపా సమాఖ్య, సింగరేణి, హమాలీలు.

1. ఉపోద్ఘాతం

వేతనం, పని గంటలు, ప్రమాద పరిహారం, భవిష్యనిధి, గ్రాట్యుటీ వంటి హక్కులన్నీ ఒకే ప్రశ్న మీద ఆధారపడి ఉన్నాయి. ఈ కార్మికునికి యజమాని ఎవరు? యజమానీ కార్మికుడూ ఒకే ఆవరణలో ఎదురెదురుగా ఉన్న కాలంలో ఈ ప్రశ్నకు సమాధానం తేలికగా దొరికేది. ఇప్పుడు పని ఒకరిది, జీతం ఇచ్చేది మరొకరు, అజమాయిషీ ఇంకొకరిది. ఈ మూడూ విడిపోయినచోట హక్కు ఎవరి మీద అడగాలో తెలియని స్థితి ఏర్పడుతుంది.

2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లా పునర్విభజనతో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ ప్రాంతానికి శ్రమ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. జనగామ తాలూకాలోని కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పోరాటానికి వెట్టిచాకిరి ఒక ముఖ్య కారణం. వెట్టి కాలంలో పని చేయించుకునేవాడు ఎవరో ఊరందరికీ తెలుసు. గడీ కంటికి కనిపించేది. నేటి కాంట్రాక్టు వ్యవస్థలో పని చేయించుకునే సంస్థ కంటికి కనిపిస్తున్నా, కాగితం మీద మాత్రం మరొకరి పేరు ఉంటుంది.

2025 నవంబరు 21న నాలుగు శ్రామిక కోడ్‌లు అమలులోకి రావడంతో, 1970 నాటి కాంట్రాక్టు లేబర్ (క్రమబద్ధీకరణ, రద్దు) చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 వచ్చింది. ఈ మార్పును అర్థం చేసుకోవడానికి ముందు తెలుగు నేలపై ఈ ప్రశ్న ఎలా ఎదిగిందో చూడాలి.

2. తెలుగు నేల నుంచి వెళ్లిన వ్యాజ్యాలు, ఒక శాసనం

ఉద్యోగ సంబంధాన్ని గుర్తించే కొలతలను భారత సుప్రీంకోర్టు విస్తరించిన ముఖ్య తీర్పుల్లో రెండు ఇక్కడి వ్యాజ్యాల నుంచి వచ్చినవే.

మొదటిది 1973 నాటి సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు. దుకాణాల్లో జత లెక్కన కూలి తీసుకుని బట్టలు కుట్టే దర్జీలు ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం కింద ఉద్యోగులవుతారా అన్నది వివాదం. వారు రోజూ రావాలన్న నియమం లేదు. పని ముగిస్తే వెళ్లిపోవచ్చు. కొందరు గుడ్డను ఇంటికి తీసుకెళ్లి కుట్టేవారు. అయినా మిషన్లు యజమానివి. కుట్టు సరిగా లేకపోతే తిప్పి కుట్టమనే అధికారం యజమానిది. ఎలా పని చేయాలో క్షణక్షణం ఆజ్ఞాపించడం ఒక్కటే కొలత కాదని, ఆ వ్యక్తి శ్రమ సంస్థ వ్యాపారంలో ఎంతగా కలిసిపోయిందో కూడా చూడాలని న్యాయస్థానం భావించి, వారిని ఉద్యోగులుగానే గుర్తించింది.

రెండవది 1978 నాటి రాయల్ టాకీస్, హైదరాబాద్ కేసు. సినిమా హాలు ఆవరణలోని క్యాంటీను, సైకిల్ స్టాండు ఇతరులకు కాంట్రాక్టుకు ఇచ్చారు. అక్కడి పనివారికి ఉద్యోగుల రాజ్య బీమా చందా చెల్లించవలసింది ఎవరన్న ప్రశ్నకు, ఆ పనులు ప్రదర్శనశాల ప్రయోజనానికి అనుబంధమైనవే గనుక హాలు యజమానే ప్రధాన యజమాని అని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. అదే సంవత్సరం హుస్సేన్‌భాయ్ కేసులో, మధ్యలో ఎందరు కాంట్రాక్టర్లు ఉన్నా కార్మికుల జీవనోపాధి మీద ఆర్థిక ఆధిపత్యం ఎవరిదో వారే యజమాని అన్న సూత్రం స్థిరపడింది.

ఈ క్రమంలో ఒక మలుపు 2003లో వచ్చింది. 1970 చట్టంలోని సెక్షన్ 10 ప్రకారం ఒక పనిలో కాంట్రాక్టు విధానాన్ని నిషేధించే ముందు ప్రభుత్వం నాలుగు అంశాలు చూసేది: ఆ పని సంస్థకు అవసరమైనదా, ఏడాది పొడవునా ఉండేదా, సాధారణంగా పర్మనెంటు కార్మికులు చేసేదా, తగినంత మందికి పూర్తికాలం పని కల్పించగలదా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2003 సవరణతో ఈ పద్ధతిని మార్చి, సంస్థ ఏ పని కోసం స్థాపితమైందో ఆ ‘కీలక కార్యకలాపం’లో కాంట్రాక్టు శ్రమను నిషేధించింది. అదే సమయంలో ఊడ్చడం, కాపలా, క్యాంటీను, ఎగుమతి దిగుమతి వంటి పనులను ఆ పరిధి నుంచి తొలగించే జాబితానూ చేర్చింది.

ఒక రాష్ట్ర సవరణగా మొదలైన ఈ నమూనాయే 2020 కోడ్‌లో దేశమంతటికీ వర్తించే సెక్షన్ 57గా రూపుదిద్దుకుంది. అందువల్ల తెలుగు రాష్ట్రాల పరిశోధకులకు ఈ సెక్షన్ కొత్తది కాదు. దాని మంచిచెడ్డలను రెండు దశాబ్దాలకు పైగా చూసిన నేల ఇది.

3. భూపాలపల్లి: బొగ్గు గనిలో కీలకమైన పని ఏది?

1920 డిసెంబరు 23న కంపెనీగా ఏర్పడిన సింగరేణిలో ప్రస్తుతం తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. భూపాలపల్లి ఏరియాలో కాకతీయ ఖని పేరిట భూగర్భ గనులు, ఓపెన్‌కాస్టు గనులు నడుస్తున్నాయి. సింగరేణిలో పర్మనెంటు కార్మికులతో పాటు మట్టి తొలగింపు, బొగ్గు రవాణా, కాపలా, సఫాయి వంటి పనుల్లో కాంట్రాక్టు కార్మికులు ఉన్నారు. 2022 సెప్టెంబరులో ఈ కార్మికులు వేతనాల పెంపు కోరుతూ సమ్మె చేశారు. కోల్ ఇండియా కాంట్రాక్టు కార్మికుల కోసం ఏర్పడిన హైపవర్ కమిటీ సిఫారసు చేసిన వేతనాలను తమకూ వర్తింపజేయాలన్నది వారి ప్రధాన డిమాండు.

కొత్త కోడ్ ప్రకారం కీలక కార్యకలాపమంటే సంస్థ ఏ పని కోసం ఏర్పడిందో ఆ పని, దానికి అవసరమైన పనులు. అయితే సంస్థ ప్రత్యేకంగా వాటికోసమే ఏర్పడి ఉంటే తప్ప, 11 రకాల పనులు ఈ కోవలోకి రావు. పారిశుధ్యం, కాపలా, క్యాంటీను, సరుకు ఎక్కించడం దించడం, ఆసుపత్రులు, నిర్మాణం, తోటపని, రవాణా మొదలైనవి ఆ జాబితాలో ఉన్నాయి. చివరి అంశం మరింత విశాలమైనది. అప్పుడప్పుడు మాత్రమే జరిగే పని కీలకమైనదే అయినా జాబితాలోకి వస్తుంది. ఇవి చాలవన్నట్లు, కీలక పనిలో సైతం సాధారణంగా కాంట్రాక్టర్ల ద్వారా జరిగే ఆనవాయితీ ఉంటే కాంట్రాక్టు శ్రమను అనుమతించే మినహాయింపు కూడా సెక్షన్ 57లో ఉంది.

గనికి ఈ నిర్వచనాన్ని అన్వయిస్తే చిక్కు బయటపడుతుంది. కేంద్ర ప్రభుత్వం 1975 ఫిబ్రవరి 1న జారీ చేసిన నోటిఫికేషన్ బొగ్గు గనుల్లో బొగ్గు తవ్వకం, బొగ్గు ఎక్కించడం దించడం, పైమట్టి తొలగింపు వంటి పనుల్లో కాంట్రాక్టు శ్రమను నిషేధించింది. 1988లో దానికి సవరణ జరిగింది. రద్దయిన చట్టాల కింద వెలువడిన నోటిఫికేషన్లు కొత్త కోడ్‌కు విరుద్ధం కానంత మేరకు కొనసాగుతాయి. ఒకప్పుడు నిషేధిత జాబితాలో ఉన్న ఎగుమతి దిగుమతి పని నేడు కీలకం కాని పనుల జాబితాలో ఉంది. అయితే రైస్‌మిల్లులో బస్తాలు దించడం వేరు, గనిలో బొగ్గు ఎత్తడం వేరు. మిల్లులో అది అనుబంధమైన పని. గనిలో అదే ఉత్పత్తి. ఈ భేదాన్ని చట్టం మాటల్లో చెప్పలేదు గనుక న్యాయస్థానాలే చెప్పవలసి ఉంటుంది.

ఈ భేదం ఎంత కీలకమో 2024 మార్చి 12న సుప్రీంకోర్టు మహానది కోల్‌ఫీల్డ్స్ కేసులో ఇచ్చిన తీర్పు చూపుతుంది. రైల్వే సైడింగ్ వద్ద ఒలికిన బొగ్గును తొలగించే 32 మంది కాంట్రాక్టు కార్మికుల్లో 19 మందిని కంపెనీ ఒప్పందం ద్వారా క్రమబద్ధీకరించి, మిగిలిన 13 మంది పని తాత్కాలికమైనదని వాదించింది. ఆ పని ఏడాది పొడవునా సాగేదేనని, మిగిలినవారి పనితో దానికి తేడా లేదని భావించి న్యాయస్థానం 13 మందికీ అనుకూలంగా తీర్పు చెప్పింది. అక్కడ నెగ్గింది ‘ఏడాది పొడవునా ఉండే పని’ అన్న పాత కొలత. కొత్త కోడ్ జాబితాను ముందు పెట్టుకుంటే, ఒలికిన బొగ్గు ఎత్తడాన్ని సఫాయి అనో, అప్పుడప్పుడు జరిగే పని అనో వాదించే అవకాశం యాజమాన్యానికి దక్కుతుంది. పని మారలేదు, చేసే చేతులు మారలేదు. పని పేరు మారితే హక్కు మారిపోయే ప్రమాదం ఇదే.

4. జర్మనీ మాంస పరిశ్రమ: అదే భావన, వేరే ఫలితం

కీలకమైన పనిలో మధ్యవర్తి ఉండరాదన్న భావనకు ఐరోపాలో దగ్గరి ఉదాహరణ జర్మనీ మాంస పరిశ్రమ. అక్కడి వధశాలల్లో తూర్పు ఐరోపా నుంచి వచ్చిన కార్మికులు ఉపకాంట్రాక్టర్ల కింద పనిచేసేవారు. 2020 జూన్‌లో ఒక పెద్ద మాంస కర్మాగారంలో కోవిడ్ విస్తృతంగా వ్యాపించడంతో వారి వసతి, పని పరిస్థితులు దేశం దృష్టికి వచ్చాయి. ఆ ఏడాది చివరలో చేసిన చట్టం ప్రకారం 2021 జనవరి 1 నుంచి వధ, కోత, మాంసం శుద్ధి పనుల్లో ఉపకాంట్రాక్టును, ఏప్రిల్ 1 నుంచి ఏజెన్సీ కార్మికుల వినియోగాన్ని నిషేధించారు. 50 మంది కంటే తక్కువ ఉన్న చిన్న మాంస దుకాణాలకు మినహాయింపు ఇచ్చారు. సామూహిక ఒప్పందం ఉంటే మాంసం శుద్ధిలో పరిమితంగా ఏజెన్సీ కార్మికులను తీసుకునే వెసులుబాటు 2024 మార్చి 31తో ముగిసింది.

రెండు చట్టాల్లోనూ ఉన్నది కీలకమైన పని అన్న భావనే. జర్మనీ చట్టం ఒక పరిశ్రమను ఎంచుకుని, అందులో నిషేధించే పనులను పేరుపేరునా చెప్పింది. మన కోడ్ అన్ని పరిశ్రమలకూ వర్తించే నిర్వచనం చెప్పి, మినహాయింపులను పేరుపేరునా చెప్పింది. మొదటి పద్ధతిలో సందేహం వస్తే నిషేధం వైపు మొగ్గుతుంది. రెండవ పద్ధతిలో మినహాయింపు వైపు మొగ్గుతుంది. 1975 నోటిఫికేషన్ మొదటి పద్ధతిలో రాసినదన్న సంగతి ఇక్కడ గమనార్హం.

ఉల్లంఘన ఫలితంలోనూ తేడా ఉంది. జర్మనీ ఏజెన్సీ కార్మికుల చట్టానికి 2017 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణల ప్రకారం, పనుల కాంట్రాక్టు అనే ముసుగులో నిజానికి మనుషులను సరఫరా చేస్తే, ఆ కార్మికుడు పని చేయించుకున్న సంస్థకే ఉద్యోగి అయినట్లు చట్టం భావిస్తుంది.

5. మహబూబాబాద్: హమాలీకి యజమాని ఎవరు?

మహబూబాబాద్, కేసముద్రం వ్యవసాయ మార్కెట్లలో మిర్చి, మక్కలు, ధాన్యం వచ్చే కాలంలో హమాలీలు, దడ్వాయిలు, చాటకూలీలు లేకుండా ఒక్క బస్తా కదలదు. మార్కెట్ల చట్టం, 1966 కింద హమాలీకి లైసెన్సు ఇచ్చేది మార్కెట్ కమిటీ. సరుకు రైతుది. అడ్తీదారు, ఖరీదుదారు వేరు. బస్తా లెక్కన కూలి. ఒకే రోజు ఒక హమాలీ పలువురి సరుకు మోస్తాడు. అతని నడుము విరిగితే పరిహారం ఎవరిని అడగాలి? లైసెన్సు ఇచ్చిన కమిటీనా, సరుకు కొన్న వ్యాపారినా?

ఐరోపా నగరాల్లో యాప్ ద్వారా భోజనం చేరవేసే, కారు నడిపే కార్మికుల విషయంలో తలెత్తిన ప్రశ్న దీనికి సమీపమైనది. ఫ్రాన్స్ కోర్ ద కసాసియోన్ 2020 మార్చి 4న, స్పెయిన్ సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబరు 25న, బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 19న వేర్వేరు కేసుల్లో, స్వతంత్రులని కంపెనీలు పిలిచిన డ్రైవర్లకు, డెలివరీ కార్మికులకు అనుకూలంగా తీర్పులు ఇచ్చాయి. బ్రిటన్ తీర్పు వారిని పూర్తి ఉద్యోగులుగా కాక, కనీస వేతనం, సెలవు వంటి హక్కులు గల ‘వర్కర్’ అన్న మధ్య శ్రేణిలో చేర్చింది. 1973లో హైదరాబాదు దర్జీల విషయంలో మన సుప్రీంకోర్టు వేసిన ప్రశ్నలకూ, ఈ తీర్పులు వేసుకున్న ప్రశ్నలకూ పోలిక స్పష్టం.

ఈ తీర్పుల తర్వాత ఐరోపా సమాఖ్య 2024 అక్టోబరు 23న ప్లాట్‌ఫాం పనిపై డైరెక్టివ్ 2024/2831ను ఆమోదించింది. సభ్యదేశాలు 2026 డిసెంబరు 2 లోగా దానికి తగిన చట్టాలు చేసుకోవాలి. నియంత్రణ, అజమాయిషీ ఉన్నట్లు వాస్తవాలు సూచిస్తే ఆ వ్యక్తిని ఉద్యోగిగానే చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేయవలసిన భారం కంపెనీది. ఏ వాస్తవాలు నియంత్రణను సూచిస్తాయో తేల్చడం మాత్రం ఆయా దేశాల చట్టాలకే వదిలేశారు గనుక, అమలులో దేశానికొక తీరు ఏర్పడవచ్చు. మన సామాజిక భద్రత కోడ్, 2020 ఇదే సమస్యను వేరే దారిలో చూసింది. గిగ్ కార్మికులను సంప్రదాయ యజమాని, ఉద్యోగి సంబంధానికి వెలుపలివారిగా నిర్వచించి, కంపెనీల వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం చందాతో సంక్షేమ పథకాలకు వీలు కల్పించింది. ఐరోపా కార్మికుణ్ణి ఉద్యోగపు గడప లోపలికి తెచ్చింది. మన కోడ్ గడప బయట ఉంచి సాయం అందిస్తానంటోంది.

అయితే ఐరోపా పరిష్కారం మార్కెట్ హమాలీకి యథాతథంగా సరిపోదు. యాప్ వెనుక ఒక కంపెనీ ఉంటుంది. హమాలీ వెనుక ఏకైక యజమాని లేడు. ఇలాంటిచోట మహారాష్ట్ర 1969లో చేసిన మాథాడీ, హమాల్ కార్మికుల చట్టం మరింత ఉపయుక్తమైన నమూనా. అందులో యజమానులు, కార్మికులు, ప్రభుత్వ ప్రతినిధులతో ఏర్పడే బోర్డు వద్ద కార్మికుడు నమోదవుతాడు. కూలితో పాటు లెవీ కూడా బోర్డుకు చేరి, భవిష్యనిధి, బోనస్ వంటివి బోర్డు ద్వారా అందుతాయి. తులనాత్మక అధ్యయనం ఐరోపా వైపే చూడనక్కరలేదని ఈ ఉదాహరణ గుర్తుచేస్తుంది.

6. జనగామ: టెండరు మారినప్పుడు కార్మికుని సర్వీసు

పారిశుధ్యం కోడ్ జాబితాలో కీలకం కాని పనుల్లో మొదటిది. కానీ ‘సంస్థ ఆ పని కోసమే ఏర్పడి ఉంటే తప్ప’ అన్న షరతును మరవకూడదు. బొగ్గు గనిలో ఊడ్చడం అనుబంధమైన పని కావచ్చు. పట్టణాన్ని శుభ్రంగా ఉంచడం పురపాలిక మౌలిక విధుల్లో ఒకటి. కాబట్టి జనగామ వంటి పురపాలికలో చెత్త ఎత్తే పనిని కీలక కార్యకలాపంగా వాదించడానికి కోడ్ మాటల్లోనే ఆధారం ఉంది. తెలంగాణ పురపాలికల్లో ఈ పనిలో ఔట్‌సోర్సింగ్ విస్తృతంగా ఉన్నందున ఈ వాదన ప్రాధాన్యం చిన్నది కాదు.

ఔట్‌సోర్సింగులో మరో చిక్కు సర్వీసు కొనసాగింపు. టెండరు ముగిసి కొత్త ఏజెన్సీ వస్తే, అదే కార్మికుడు అదే వీధి ఊడుస్తున్నా కాగితం మీద కొత్తవాడవుతాడు. గ్రాట్యుటీ వంటి హక్కులు సర్వీసు కాలం మీద ఆధారపడతాయి గనుక ఇది కేవలం రికార్డుల సమస్యగా మిగలదు. ఐరోపాలో డైరెక్టివ్ 2001/23 ప్రకారం వ్యాపార విభాగం ఒకరి నుంచి మరొకరికి బదిలీ అయితే కార్మికుల ఒప్పందాలు, సర్వీసు హక్కులు కొత్త యజమానికి సంక్రమిస్తాయి. ఈ సూత్రానికీ పరిమితి ఉంది. జర్మనీలో ఒక పాఠశాల శుభ్రత కాంట్రాక్టు మారడంపై 1997 మార్చి 11న ఐరోపా న్యాయస్థానం సూజెన్ కేసులో, కాంట్రాక్టు చేతులు మారడం ఒక్కటే బదిలీ కాదని చెప్పింది. శ్రమే ప్రధానమైన పనుల్లో పాత సిబ్బందిలో ముఖ్య భాగాన్ని కొత్త సంస్థ తీసుకుంటేనే ఈ రక్షణ వర్తిస్తుంది. పాతవారిని తీసుకోకుండా బాధ్యత తప్పించుకునే దారి అక్కడా ఉంది.

మన న్యాయస్థానాలు ఈ విషయంలో ఇటీవల స్పష్టంగా మాట్లాడుతున్నాయి. ఘజియాబాద్ నగర్ నిగమ్ తోటమాలుల కేసులో 2025 జనవరి 31న సుప్రీంకోర్టు, కాంట్రాక్టరు ఉన్నాడన్న వాదనకు తగిన ఆధారాలు లేవని ఆక్షేపించి, తొలగించిన కార్మికులను తిరిగి తీసుకోవాలని ఆదేశించింది. తోటపని కూడా కొత్త కోడ్ జాబితాలో ఉన్న పనే.

7. రుజువు భారం, ఉల్లంఘన ఫలితం

పై మూడు సందర్భాలూ ఒకే చోటికి చేరుతున్నాయి. 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు విధానం నిషేధితమైతే ఆ కార్మికులు ప్రధాన యజమాని ఉద్యోగులవుతారని చెప్పింది. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. కాంట్రాక్టు బూటకమని పారిశ్రామిక ట్రిబ్యునల్‌లో తేలితే తప్ప, నిషేధం వల్ల ఉద్యోగం దానంతటదే రాదు. 2014లో బల్వంత్ రాయ్ సలూజా కేసు నియంత్రణ, నియామకం, వేతన చెల్లింపు వంటి కొలతలను మరింత బిగించింది. ఫలితంగా నిషేధం ఉన్నచోట సైతం కార్మికునికి మిగిలేది దీర్ఘకాల వ్యాజ్యమే. మహానది కేసులో ట్రిబ్యునల్ అవార్డు 2002లో రాగా, తుది తీర్పు 2024లో వచ్చింది.

సెక్షన్ 57 ఈ లోటును పూడ్చలేదు. ఒక పని కీలకమా కాదా అన్న వివాదం వస్తే బాధితుడు దరఖాస్తు చేసుకోవాలి. నియమిత అధికారి నివేదిక ఇస్తారు. నిర్ణయం సంబంధిత ప్రభుత్వానిది. గనుల విషయంలో ఆ ప్రభుత్వం కేంద్రం. అంటే సింగరేణి కార్మికుని వివాదాన్ని తేల్చేది ఆ కంపెనీలో 49 శాతం వాటాదారు. రాష్ట్ర పురపాలికల వివాదాల్లో నిర్ణయం రాష్ట్రానిది. పని చేయించుకునేవారే తీర్పరులయ్యే స్థితిలో నిర్వచనం ఎంత ఉదారంగా ఉన్నా కార్మికునికి నమ్మకం కలగదు. పైగా నిషేధాన్ని ఉల్లంఘిస్తే ఆ కార్మికుడు ఎవరి ఉద్యోగి అవుతాడో సెక్షన్ 57 చెప్పదు.

ఐరోపా చట్టాల్లోనూ లొసుగులు ఉన్నాయని పైన చూశాం. అయినా అక్కడ ఇటీవలి మార్పులు రెండు విషయాలను స్పర్శించాయి. డైరెక్టివ్ 2024/2831 రుజువు భారాన్ని సంస్థ మీదికి మార్చింది. జర్మనీ సవరణ ఉల్లంఘన ఫలితాన్ని ముందే నిర్ణయించింది. మస్టర్లు, హాజరు యంత్రాల లెక్కలు, టెండరు పత్రాలు, బిల్లులు అన్నీ సంస్థ చేతిలో ఉంటాయి. వాటిని కార్మికుడు తెచ్చి చూపాలనడం న్యాయమైన పోటీ కాదు.

8. ముగింపు

ఎవరు యజమాని అన్న ప్రశ్నకు సమాధానం వెతికే కొలతల కోసం తెలుగు నేల ఐరోపాను అనుకరించనవసరం లేదు. దర్జీల కేసు, సినిమా హాలు కేసు ఆ కొలతలను ఎప్పుడో అందించాయి. ఐరోపా నుంచి గ్రహించదగినది ఆ కొలతలను పనిచేయించే విధానం. కీలక కార్యకలాపం వివాదంలో పత్రాలు సమర్పించే బాధ్యతను ప్రధాన యజమానిపై పెట్టడం, నిర్ణయాధికారాన్ని యజమాన్య వాటా లేని స్వతంత్ర వ్యవస్థకు ఇవ్వడం, ఉల్లంఘన రుజువైతే ఉద్యోగ సంబంధం ఏర్పడినట్లు చట్టంలోనే చెప్పడం, టెండరు మారినా సర్వీసు కొనసాగేలా టెండరు షరతుల్లోనే రాయడం అన్నవి చర్చించదగిన ప్రతిపాదనలు. వీటిలో చివరిది కొత్త చట్టం అవసరం లేకుండానే ఒక పురపాలిక గానీ ఒక కంపెనీ గానీ చేయగలిగినది.

ఈ మూడు జిల్లాల్లో పరిశోధనకు విస్తారమైన క్షేత్రం ఉంది. భూపాలపల్లి గనుల్లో ఏయే పనులు ఏ పేరుతో టెండర్లలో నమోదవుతున్నాయి, 1975 నోటిఫికేషన్ పేర్కొన్న పనులతో వాటికి పోలిక ఎంత? కేసముద్రం మార్కెట్లో ప్రమాదానికి గురైన హమాలీకి పరిహారం ఎలా అందుతోంది? జనగామ పారిశుధ్య కార్మికుల్లో ఎందరు ఎన్ని ఏజెన్సీలు మారినా అదే పనిలో కొనసాగుతున్నారు? ఈ సమాచారం పరిశోధకులు సేకరించి లిఖితం చేస్తే, రేపు సెక్షన్ 57 కింద దాఖలయ్యే దరఖాస్తుల్లో అది సాక్ష్యంగా నిలుస్తుంది. శ్రామిక న్యాయ పరిశోధన గ్రంథాలయం దాటి గని గేటు దాకా, మార్కెట్ యార్డు దాకా, మున్సిపల్ షెడ్డు దాకా వెళ్లవలసిన అవసరం ఇప్పుడు మరింతగా ఉంది.